బరువైన కెమెరాకు ఏ ట్రైపాడ్? సీమలో పని చేసేవాళ్ల కోసం ఒక పోలిక

కర్నూలు, కడప, అనంతపురం వైపు కెమెరా పని చేసేవాళ్లు కొత్త స్టాండ్ కొనేముందు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "ఇది ఎన్ని కేజీలు మోస్తుంది?" పెట్టె మీద 12 కేజీలు అని ఉంటుంది. మన సామాను మూడున్నర కేజీలే, ఇంకేం కావాలి అనిపిస్తుంది. ఆ ఒక్క అంకె చూసి కొంటే డబ్బు వృథా అయ్యే అవకాశమే ఎక్కువ. ఆ అంకె వేయడానికి కంపెనీలన్నీ పాటించే ఉమ్మడి పద్ధతి అంటూ ఏదీ లేదు. ఒక కంపెనీ 9 కేజీలని రాసిన స్టాండ్, ఇంకో కంపెనీ 15 కేజీలని రాసిన స్టాండ్ కంటే గట్టిగా ఉండొచ్చు.

600 మి.మీ. లెన్స్‌తో ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో కనిపించేది మూల నుంచి మూలకు సుమారు 4 డిగ్రీలే. అంత ఇరుకైన చూపులో స్టాండ్ వెంట్రుకవాసి కదిలినా ఫ్రేమ్ అంతా ఊగుతుంది. పెళ్లి వీడియోలో 70-200 లెన్స్ పెట్టి తలంబ్రాలు తీసేటప్పుడూ ఇదే గొడవ. సామాను బరువుకు స్టాండ్ కూలిపోవడం అరుదు. గాలికో, చేయి తగిలో వణికిందంటే ఎంత త్వరగా కుదురుకుంటుందన్నదే రోజూ మన ఫుటేజీని బాగుచేసేది, పాడుచేసేది.

ముందు మీ లెక్క తేల్చుకోండి

సామానంతా బిగించి ఒకసారి తూకం వేయండి. అంచనాలు చాలాసార్లు తప్పుతాయి. కెనాన్ ఈఎఫ్ 600 ఎఫ్/4 మూడో తరం లెన్స్ 3.05 కేజీలు. ఆర్5 బాడీ ముప్పావు కేజీకి దగ్గర. దానికి కేజీన్నర దాకా తూగే గింబల్ హెడ్ (హెడ్ అంటే కాళ్ల పైన కెమెరాను బిగించి తిప్పే భాగం) కలిపితే కాళ్ల మీద పడేది 5 కేజీలు దాటుతుంది. సోనీ 200-600 లెన్స్ 2.1 కేజీలు, బాడీతో కలిపి 3 కేజీల లోపే. వీడియోవాళ్లకు బాడీ తేలికే గానీ మానిటర్, వీ-మౌంట్ బ్యాటరీ, మైకు, ఎల్‌ఈడీ స్క్రీన్‌కు లైవ్ పంపే ట్రాన్స్‌మిటర్ ఒక్కొక్కటే ఎక్కి మూడు, నాలుగు కేజీలకు చేరుతుంది. పెట్టె మీది అంకె మీ మొత్తం బరువుకు కనీసం రెండింతలు, వీలైతే మూడింతలు ఉండాలి. అది మొదటి జల్లెడ మాత్రమే. అసలు ఎంపిక ఆ తర్వాత మొదలవుతుంది.

రెండో లెక్క గొట్టం మందం. కాలి పై గొట్టం 28 మి.మీ. నుంచి 32 మి.మీ.కు పెరిగితే చూడ్డానికి పెద్ద తేడా ఉండదు. గోడ మందం ఒకటే అనుకుంటే గట్టిదనం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. 400 మి.మీ. దాటిన లెన్స్ వాడేవాళ్లకు నా సలహా 32 మి.మీ.కు తగ్గొద్దని. 500, 600 ఎఫ్/4 లాంటి పెద్ద లెన్సులకు 36 మి.మీ. ఇంకా నయం. పై గొట్టంతో పాటు అట్టడుగు గొట్టం కూడా చూడండి. నాలుగైదు ముక్కల కాళ్లలో చివరిది చాలా సన్నగా ఉంటుంది, వణుకు అక్కడే మొదలవుతుంది. భారీ సామానుకు మూడు ముక్కల కాళ్లే మేలు. మడిచినా పొడుగ్గానే ఉంటాయి కాబట్టి ఆర్టీసీ బస్సులో, బైకు మీద కష్టమే. బైకు మీదే తిరిగేవాళ్లు నాలుగు ముక్కలది తీసుకుని, అట్టడుగు ముక్కను తప్పనిసరైతే తప్ప బయటికి లాగకపోవడం మధ్యేమార్గం.

మూడోది ఎత్తు. ఇక్కడ నడిమి రాడ్ (కాళ్ల మధ్య నుంచి పైకి లాగే కడ్డీ) అనే వల ఉంది. "గరిష్ఠ ఎత్తు 180 సెం.మీ." అని రాసినచోట చాలావరకు ఆ రాడ్ మొత్తం పైకి లాగి చెప్పిన ఎత్తే. మూడు కాళ్ల బలాన్ని ఒంటి కడ్డీ మీదికి తెచ్చి పెడుతున్నామన్న మాట. రాడ్ లేకుండా కాళ్లు మాత్రమే ఎంత ఎత్తు వస్తాయో అడగండి. అయిదడుగుల ఏడంగుళాల మనిషికి కళ్ల ఎత్తు 160 సెం.మీ. దరిదాపుల్లో ఉంటుంది. హెడ్డూ కెమెరా కలిసి 20 సెం.మీ.కు పైనే తీసుకుంటాయి కాబట్టి కాళ్లు 140 దాకా వస్తే సమతలం మీద సరిపోతుంది. గుట్ట వాలు మీద నిలబడేవాళ్లకు, చెట్ల పైకి గురిపెట్టేవాళ్లకు ఇంకో 15, 20 సెం.మీ. అవసరం. బరువైన లెన్సులకు అసలు నడిమి రాడ్ లేని స్టాండే కొనమంటాను.

నాలుగోది నేల. మన దగ్గర దీన్ని తక్కువగా చూడకూడదు. కర్నూలు వైపు నల్లరేగడి వాన పడితే కాళ్లను లోపలికి లాగేసుకుంటుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. ఒక కాలు నెర్రె అంచున పడిందంటే కెమెరా మొత్తం ఒరుగుతుంది. అనంతపురం వైపు ఎర్రమట్టి దుమ్ము తాళాల్లోకి దూరుతుంది. గండికోటలో ఉన్నదంతా బండరాయి, అదీ ఎగుడుదిగుడు. కల్యాణ మండపాల్లో నున్నటి గ్రానైటు. ఇన్నింటికీ పనికొచ్చే పాదం ఒక్కటి లేదు. రబ్బరు పాదం తీసి ముల్లు బిగించుకునే వీలున్న స్టాండ్ చూసుకోండి.

కాళ్లు: అల్యూమినియం, కార్బన్, రెండు గొట్టాల వీడియో స్టాండ్

అల్యూమినియం మీద చిన్నచూపు అక్కర్లేదు. ఒకే మందం గొట్టాలు తీసుకుంటే మంచి అల్యూమినియం స్టాండ్ గట్టిదనంలో పెద్దగా వెనకబడదు. వెనకబడేది రెండుచోట్ల: మోత బరువులో, వణుకు ఆగే వేగంలో. మాన్‌ఫ్రాటో 055 మూడు ముక్కల అల్యూమినియం స్టాండ్ కాళ్లే 2.5 కేజీలు. హెడ్, లెన్స్, నీళ్ల సీసా కలిపి గుట్ట ఎక్కేవాడికి ఆ బరువు భుజం మీద తెలుస్తుంది. ఫంక్షన్ హాల్ దాకా కారులో వచ్చి దింపుకునేవాడికి ఏమీ తెలియదు, పైగా బరువైన స్టాండ్ జనం తగిలినా అంత తేలిగ్గా జరగదు. ఇంకో లాభం, దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది గానీ చెప్పకుండా విరగదు. మన ఏప్రిల్, మే ఎండలో మాత్రం గంటసేపు బయట ఉంచితే చేత్తో పట్టుకోలేం. పై గొట్టాలకు ఫోమ్ తొడుగు ఉందో లేదో చూసుకోండి.

కార్బన్ ఫైబర్ తేలిక, వణుకు త్వరగా చల్లారుతుంది. ధర చాలాసార్లు రెట్టింపు దాకా పోతుంది. మైళ్లకొద్దీ నడిచేవాళ్లు, పొడుగు లెన్స్ వాళ్లు ఆ తేడా పెట్టడం న్యాయమే. ఇందులో ఒక మెలిక ఉంది. తేలికైన స్టాండ్ గాలికి తేలిగ్గా ఊగుతుంది. ఆషాఢం గాలుల్లో రామగిరి వైపు గాలిమరల కింద నిలబడి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. మధ్యలో కొక్కేనికి బ్యాగు తగిలించాల్సిందే. ఆ బ్యాగు గాల్లో వేలాడితే అది ఊగి స్టాండ్‌నూ ఊపుతుంది. అడుగు నేలకు ఆనేలా తాడు సర్దండి. కార్బన్ గొట్టం బండకు గట్టిగా కొట్టుకుంటే సొట్ట పడదు, బీట ఇస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ప్రతి గొట్టాన్నీ వెలుతురులో తిప్పి చూడాలి.

రెండు గొట్టాల వీడియో స్టాండ్ వేరే జాతి. ప్రతి కాలికీ పైన జంట గొట్టాలు ఉంటాయి కాబట్టి ప్యాన్ చేసినప్పుడు, అంటే కెమెరాను పక్కకు తిప్పినప్పుడు, మెలి తిరగదు. ఫోటో స్టాండ్లు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. పైన 75 మి.మీ. లేదా 100 మి.మీ. గిన్నె ఉంటుంది. కాళ్లు ముట్టుకోకుండా కింది పిడి వదులు చేసి, బుడగ చూసి, బిగిస్తే హెడ్ సమతలమైపోతుంది. మండపంలో చోటు మారుతూ పనిచేసేవాడికి ఈ ఒక్క సౌకర్యమే బోలెడు టెన్షన్ తగ్గిస్తుంది. 4 కేజీల లోపు సామానుకు 75 మి.మీ. గిన్నె చాలు. బ్రాడ్‌కాస్ట్ లెన్సులు, టెలీప్రాంప్టర్ పెట్టేవాళ్లకే 100. కాళ్లు చాపకుండా పట్టే స్ప్రెడర్ నేల మీద ఉండే రకం గ్రానైటుకు బాగుంటుంది, బండల మీద పనికిరాదు. మధ్యలో ఉండే రకం రెండుచోట్లా సర్దుకుంటుంది. బయటా లోపలా పని చేసేవాళ్లు మధ్య స్ప్రెడర్‌దే తీసుకోవాలి.

తాళాల విషయం క్లుప్తంగా: మడత తాళాలు బిగిశాయో లేదో కంటికి కనిపిస్తాయి, వదులైతే స్క్రూ బిగించుకోవచ్చు. తిప్పే తాళాలు వైరుకు, చీరకొంగుకు తగులుకోవు గానీ దుమ్ము పడితే గరగరలాడతాయి. ఎర్రమట్టిలో పని చేసొచ్చాక విప్పి, తుడిచి, కాస్త గ్రీజు రాయాలి. ఆ ఓపిక లేకపోతే మడత తాళాలు తీసుకోండి.

హెడ్: చేసే పనిని బట్టి

కాళ్లు ఒకరివి ఇంకొకరికి పనికొస్తాయి, హెడ్ అలా కాదు. పక్షులు తీసేవాడి హెడ్‌తో పెళ్లి తీయలేం.

| హెడ్ రకం | బాగా చేసేది | ఇబ్బంది | ఎవరికి |
|---|---|---|---|
| బాల్ హెడ్ | చిన్నది, త్వరగా సర్దుకుంటుంది | వదులు చేయగానే బరువైన లెన్స్ ముందుకు పడుతుంది | ప్రకృతి దృశ్యాలు, 70-200 దాకా |
| గింబల్ హెడ్ | పొడుగు లెన్స్ వేలితో తిరుగుతుంది, వదిలినచోట ఆగుతుంది | పెద్దది, చిన్న లెన్సులకు అంతగా కుదరదు | పక్షులు, జంతువులు, క్రికెట్ |
| ఫ్లూయిడ్ హెడ్ | ప్యాన్, టిల్ట్ (పైకీ కిందికీ వంచడం) నున్నగా వస్తాయి | బరువు, నిలువు ఫ్రేమ్ కష్టం | పెళ్లిళ్లు, ఇంటర్వ్యూలు, సభలు |
| మూడు పిడుల హెడ్ | ఒక్కో దిక్కు విడిగా, కచ్చితంగా | నెమ్మది | గుళ్లు, కట్టడాలు, వస్తువుల ఫోటోలు |

బాల్ హెడ్ గురించి ఒక హెచ్చరిక. మూడు కేజీల లెన్స్ పెట్టి పిడి వదులు చేస్తే అది ధబాలున ఒరుగుతుంది, బరువంతా ఒక పక్కకు వచ్చి స్టాండ్‌తో సహా పడిపోయే ప్రమాదం ఉంది. పెద్ద లెన్స్‌కు బాల్ హెడ్ తప్పదంటే బంతి 50 మి.మీ.కు పైన ఉన్నది తీసుకోండి, పిడి వదులు చేసేటప్పుడు రెండో చెయ్యి లెన్స్ మీదే ఉండాలి.

గింబల్ హెడ్ అంటే చేత్తో పట్టుకుని నడిచే మోటారు గింబల్ అనుకోకండి. ఇది మోటారు లేని ఇంగ్లిషు ఎల్ ఆకారపు చేయి. లెన్స్ బరువు సరిగ్గా మధ్యకు వచ్చేలా ప్లేటును (లెన్స్ కింద బిగించి హెడ్‌లో అమర్చే పలకను) ముందుకూ వెనక్కూ జరిపి సర్దితే, ఏమీ బిగించకుండా వదిలినా లెన్స్ ఎక్కడిదక్కడ నిలుస్తుంది. హిందూపురం దగ్గర వీరాపురంలో పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. కింద వీధిలో నిలబడి తీయాలి. తల్లి కొంగ ఎటునుంచి వచ్చి వాలుతుందో తెలియదు, వాలగానే పిల్లలు మెడలు చాపి మీద పడతాయి, అంతా క్షణాల్లో అయిపోతుంది. లెన్స్ నిటారుగా పైకి ఎత్తి, వచ్చే పక్షిని పట్టుకుని, గూటి దగ్గర ఆపాలంటే గింబల్‌కు సాటి వచ్చేది లేదు. 

ఫ్లూయిడ్ హెడ్ కొనేవాళ్లు ఎక్కువగా గమనించనిది కౌంటర్‌బాలెన్స్. హెడ్ లోపలి స్ప్రింగు కెమెరా ముందుకు వాలకుండా ఎదురు పట్టడమే ఆ పని. అది మీ బరువుకు తగ్గట్టు ఉండాలి. స్ప్రింగు బలం తక్కువైతే కెమెరా వాలిపోతుంది, ఎక్కువైతే కిందికి వంచి వదలగానే పైకి లేస్తుంది. "రేపు పెద్ద కెమెరా కొంటాను, ఇప్పుడే 12 కేజీల హెడ్ తీసుకుంటాను" అనే ఆలోచన ఇక్కడ దెబ్బతీస్తుంది. ఒకే స్థిరమైన స్ప్రింగు ఉన్న హెడ్ మీద కేజీన్నర మిర్రర్‌లెస్ పెడితే ప్రతి టిల్ట్‌కూ చేత్తో నొక్కి పట్టుకోవాల్సి వస్తుంది. బరువును బట్టి మెట్లుగా మార్చుకునే కౌంటర్‌బాలెన్స్ ఉన్నది, డ్రాగ్ (తిప్పేటప్పుడు ఎదురు పట్టే బిగువు) కూడా మెట్లుగా ఉన్నది తీసుకోండి. కాళ్ల కంటే దీనికే ఎక్కువ డబ్బు పెట్టాల్సి వచ్చినా పెట్టండి.

ప్లేట్లు కూడా ఒకసారి చూసుకోవాలి. ఫోటోవాళ్ల హెడ్‌లు ఎక్కువగా 38 మి.మీ. వెడల్పు ఆర్కా రకం. వీడియో హెడ్‌లకు సొంత పొడుగు ప్లేట్లు ఉంటాయి. రెండు రకాలూ కలిపి వాడితే ముహూర్తం సమయంలో స్క్రూడ్రైవర్ వెతుక్కోవాలి. ఒక రకానికే కట్టుబడండి. పెద్ద లెన్స్ ఎప్పుడైనా సరే బాడీ కింద కాకుండా లెన్స్ కాలర్ (లెన్స్ చుట్టూ ఉండే పట్టీ) పాదానికే బిగించాలి.

ఎవరికి ఏది

పెళ్లిళ్లు, సభలు తీసే వీడియోవాళ్లకు రెండు గొట్టాల అల్యూమినియం కాళ్లు, 75 మి.మీ. గిన్నె, మెట్ల కౌంటర్‌బాలెన్స్ ఉన్న హెడ్. కార్బన్‌కు పెట్టే తేడా డబ్బు హెడ్ మీద పెట్టడం మంచిది. డీజే ఉన్న ఫంక్షన్‌లో చెక్క స్టేజి మీద స్టాండ్ పెడితే ఎంత ఖరీదైనదైనా వణుకుతుంది. స్టేజి దిగి నేల మీద పెట్టి, లెన్స్ పొడుగుతో దగ్గరికి లాగండి. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం లాంటి రాత్రి వేడుకల్లో జనం ఒత్తిడి ఎక్కువ, కాళ్లు ఎక్కువ చాపనివ్వరు. అక్కడ బరువైన అల్యూమినియమే అక్కరకొస్తుంది.

పక్షులు, జంతువుల వాళ్లకు 32 మి.మీ. లేదా పైన ఉన్న, రాడ్ లేని కార్బన్ కాళ్లు, గింబల్ హెడ్. పాత కర్నూలు జిల్లా రోళ్లపాడు గడ్డిభూములు బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం అయినవి. ఆ పిట్ట కనబడటం ఇప్పుడు గగనమే గానీ కృష్ణజింకలు, చలికాలం పిల్లిగద్దలు ఉన్నాయి. గడ్డి ఎత్తులో కూర్చుని తీయాలి కాబట్టి కాళ్లు నేలకు దాదాపు పరుచుకునేలా తెరుచుకోవాలి. రాడ్ ఉన్న స్టాండ్ అక్కడ రాడ్ నేలకు తగిలి ఆగిపోతుంది. జీపులోంచే తీసేవాళ్లకు మాత్రం ట్రైపాడ్ కంటే బీన్ బ్యాగ్ మేలు. ఖాళీ సంచి పట్టుకెళ్లి అక్కడి అంగడిలో శనగలో బియ్యమో కొని నింపుకుంటే కిటికీ అంచు మీద 600 లెన్స్ కూడా కుదురుగా కూర్చుంటుంది. డబ్బు ఇంకా సమకూరని కుర్రవాళ్లు దీనితోనే మొదలుపెట్టొచ్చు, చవక స్టాండ్ కంటే ఇది నయం.

గండికోట లోయ మీద సూర్యోదయం, రాత్రి నక్షత్రాలు తీసేవాళ్లకు బరువు తక్కువ, గాలి ఎక్కువ. 28 మి.మీ. కార్బన్ కాళ్లు, మంచి బాల్ హెడ్ చాలు. ఒక్కో కాలు విడివిడిగా ఏ కోణంలోనైనా ఆగాలి, పెన్న లోయ అంచు బండల మీద రెండు కాళ్లు పైన, ఒకటి కింద పెట్టాల్సి వస్తుంది. లోయ వైపు ఒక కాలు చాపి, మీరు మిగతా రెంటి మధ్య నిలబడండి. చీకట్లో కాలు తగిలి స్టాండ్ పడకుండా ఉంటుంది.

ఫోటో, వీడియో రెండూ ఒక స్టాండ్‌తోనే చేయాలనుకునేవాళ్లు చాలామంది. 32 మి.మీ. ఫోటో కాళ్లు కొని, పైన 75 మి.మీ. గిన్నె బిగించుకునే వీలున్న మోడల్ చూడండి, రెండు హెడ్‌లు మార్చుకుంటూ వాడొచ్చు. మొదట కాళ్లు, మీరు ఎక్కువగా చేసే పనికి సరిపోయే ఒక హెడ్ కొనండి. రెండోది అవసరమైన రోజు అద్దెకు తెచ్చుకోండి.

దేవరగట్టు కర్రల సమరం లాంటి చోట్లకు ఏ ట్రైపాడూ వద్దు. ఆ రాత్రి జనంలో మూడు కాళ్లు చాపడం మీకూ, పక్కవాళ్లకూ ప్రమాదం. దూరంగా ఎత్తు మీద నిలబడి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) వాడండి. లేపాక్షి, గండికోట, గుత్తి కోట, సిద్ధవటం లాంటివి కేంద్ర పురావస్తు శాఖ కిందివి. అక్కడ స్టాండ్ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి, గేటు దగ్గర వాదనకు దిగి లాభం లేదు.

డబ్బు కట్టేముందు షాపులో

మీ కెమెరా, మీ లెన్స్ వెంట తీసుకెళ్లండి. కాళ్లు పూర్తిగా చాపి, సామాను బిగించి, లైవ్ వ్యూలో దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాన్ని 10 రెట్లు పెద్దది చేసి చూడండి. లెన్స్ హుడ్ మీద వేలితో ఒక్కసారి తట్టండి. తెర మీద అక్షరం ఊగుతుంది. ఎన్ని క్షణాలకు ఆగిందో లెక్కపెట్టండి. పక్క మోడల్ మీద అదే లెన్స్‌తో అదే పని చేయండి, తేడా మీకే కనిపిస్తుంది. తర్వాత హెడ్ అడుగును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా మెలిపెట్టండి. కాళ్లు కలిసే చోట ఏమాత్రం వదులు కదలిక ఉన్నా ఆ స్టాండ్ వద్దు. ఫ్లూయిడ్ హెడ్ అయితే నెమ్మదిగా ప్యాన్ మొదలుపెట్టి ఆపండి. మొదలయ్యేచోట కుదుపు, ఆపేచోట వెనక్కి తన్నడం ఉండకూడదు. ఈ మూడు పరీక్షలకు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఇవ్వని షాపులో కొనకండి.